పేరు చెరిగిన ఐసీ లోపల ఏముందో తేల్చుకోవడం ఎలా? విప్పడం నుంచి చదవడం దాకా సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఎలక్ట్రానిక్ బోర్డుల కుప్ప తిరగేస్తే రాత అరిగిపోయిన ఐసీలు, అంటే చిప్‌లు, ఎన్నో తగులుతాయి. కొన్నిటి మీద నంబరు స్పష్టంగానే ఉంటుంది గానీ, ఆ నంబరుతో ఏ డేటాషీటూ (కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) దొరకదు. కోఠి గుజరాతీ గల్లీలో ఇంకో రకం కనబడుతుంది. రాత కొత్తగా మెరుస్తుంటుంది, ధర మాత్రం ఉండాల్సినదానిలో సగం కూడా ఉండదు. అటూ ఇటూ తిప్పి చూస్తుంటే "ఒరిజినలే అన్నా, టెన్షన్ ఎందుకు, తీస్కపో" అంటాడు కొట్టాయన.

వీటన్నిటికీ జవాబు పైనున్న పెంకు మీద దొరకదు. లోపల గోరంత కూడా లేని సిలికాన్ ముక్క మీద ఉంటుంది. దాన్నే డై అంటారు. దాన్ని బయటికి తీసి, ఫొటో తీసి, అదేమిటో తేల్చుకోవడం ఈ మార్గదర్శి పని.

ఈ విషయం ఎత్తగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "యాసిడ్ ఎక్కడ దొరుకుతుంది?" అని. పైనున్న ప్లాస్టిక్‌ని కరిగించడానికి. అది తప్పు ప్రశ్న అని నా అభిప్రాయం. యాసిడ్ లేకుండా విప్పగలిగే ఐసీలు బోలెడున్నాయి. డై మీద పేరు కోసం వెతకడం కూడా అలాంటి తొందరే. పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ప్యాడ్లు (డై అంచుల్లో, కాళ్ళకి వెళ్ళే సన్నటి తీగలు అతికించే చతురస్రాలు) లెక్కపెట్టడం, వెడల్పాటి గీతలు ఎటు పోతున్నాయో చూడడం వస్తే పేరు లేని డై కూడా చాలా చెబుతుంది.

మొదటి ఐసీ ఏది?

కిటికీ ఉన్న ఈప్రామ్, అంటే వెలుతురుతో డేటా చెరిగే పాత రకం మెమరీ ఐసీ. 2716, 2732, 2764 లాంటివి. పాత కంప్యూటర్ బోర్డుల మీద, పరిశ్రమల కంట్రోలర్ల మీద కనబడతాయి. పైన స్టిక్కర్ ఉంటుంది, దాని కింద గుండ్రటి క్వార్ట్జ్ కిటికీ, కిటికీ వెనక డై. విప్పాల్సిన పనే లేదు. లోపలి డేటా మీకు అవసరమైతే మాత్రం స్టిక్కర్ పీకే ముందే ప్రోగ్రామర్ అనే పరికరంలో పెట్టి కాపీ తీసుకోండి. ఆ స్టిక్కర్ ఉన్నదే వెలుతురు పడకుండా. నేరుగా ఎండలో పెడితే వారం రోజుల్లో, ట్యూబ్‌లైట్ కింద అయితే మూడేళ్ళలో డేటా పోవచ్చని పాత డేటాషీట్లలోనే రాశారు.

ఈప్రామ్ తర్వాత బంగారు రంగు మూత ఉన్న సిరామిక్ ఐసీలు, ఆ తర్వాత గుండ్రటి లోహపు డబ్బాలు, తర్వాత బూడిద రంగు సిరామిక్ ఐసీలు. నల్ల ప్లాస్టిక్‌వి ఆఖరున. సంతలో దొరికేవాటిలో ఎక్కువ భాగం నల్లవే కాబట్టి ఈ వరస తలకిందులుగా అనిపించవచ్చు. చేయి తిరిగేదాకా ఈ వరసే మంచిది.

ఈ విషయంలో హైదరాబాద్ వాళ్ళకి కాస్త కలిసొస్తుంది. 1967లో ఇక్కడ మొదలైన ఈసీఐఎల్ టీవీలూ చేసింది, టీడీసీ శ్రేణి కంప్యూటర్లూ చేసింది. చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు, రక్షణ ల్యాబులు ఉన్నాయి. అందుకే ఇక్కడి తుక్కులో మామూలు రేడియో బోర్డులతో పాటు మంచి పాత సామాను తగులుతుంటుంది. ఎర్రగడ్డలో దొరక్కపోతే గురువారం జుమ్మెరాత్ బజార్ చూడండి. కిలోల లెక్కన బోర్డు మొత్తంగా కొనండి, ఐసీ విడిగా వద్దు. చుట్టూ ఏమేం ఉన్నాయో చూస్తేనే సగం సంగతి తెలుస్తుంది. పక్కన క్రిస్టల్ ఉందా, స్పీకర్ ఉందా, రిలేలు ఉన్నాయా అన్నది ముఖ్యం.

విప్పకముందు

ఐసీని బోర్డు మీద ఉన్నప్పుడే ఫొటో తీయండి. ఊడదీశాక రెండు వైపులా తీయండి, పక్కన స్కేలు పెట్టి. విప్పాక ఇవి మళ్ళీ దొరకవు.

రాత కనబడకపోతే పక్కనుంచి టార్చ్ వేసి, ఐసీని కొద్దిగా వంచి చూడండి. సిరా పోయినా దాని మచ్చ మిగిలి ఉంటుంది. అనుమానం ఉన్న ఐసీని ఎసిటోన్‌లో ముంచిన దూదితో తుడవండి. దూదికి నల్లగా అంటుకుని కింద గరుకు గీతలు బయటపడితే, పాత రాతని అరగదీసి పైన నల్ల పూత వేసి కొత్త నంబరు కొట్టారన్నమాట. రాత మాత్రమే చెరిగిపోతే అది దొంగ సరుకని అనుకోకండి. పాత రోజుల్లో అసలైన కంపెనీలు వేసిన సిరా కూడా ఎసిటోన్‌కి పోతుంది.

నాలుగంకెల నంబరు చూసి తొందరపడవద్దు. 8432 అంటే చాలావరకు 1984లో 32వ వారం. మరి 7432 అంటే? 1974లో 32వ వారం కావచ్చు, నాలుగు ఆర్ గేట్లున్న టీటీఎల్ (పాత డిజిటల్ రకం) ఐసీ కూడా కావచ్చు. 7408తోనూ ఇదే తంటా. ఇంకా, 1820తో మొదలై గీత పెట్టి నాలుగంకెలు ఉంటే అది హ్యూలెట్ ప్యాకర్డ్ తన లోపలి లెక్క కోసం వేసుకున్న నంబరు. లోపల ఉన్నది ఊరంతా వాడే మామూలు డిజిటల్ ఐసీ కూడా కావచ్చు. రష్యన్ అక్షరాలు ఉంటే కాళ్ళ మధ్య దూరం కొలవండి. సోవియట్ ఐసీల్లో అది 2.5 మిల్లీమీటర్లు, మిగతావాటిలో 2.54. ఎక్కువ కాళ్ళున్న ఐసీని మామూలు సాకెట్‌లో పెడితే ఆ తేడా చేతికి తెలుస్తుంది.

తర్వాత మల్టీమీటర్. ఈ పది నిమిషాల పని చాలామంది వదిలేస్తారు, వదలొద్దు. మీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబ్‌ని ఒక పిన్ను మీద ఉంచి, నల్ల ప్రోబ్‌తో మిగతా పిన్నులన్నీ వరసగా తాకండి. ఎర్ర ప్రోబ్ ఏ పిన్ను మీద ఉన్నప్పుడు దాదాపు అన్నిచోట్లా 0.5 నుంచి 0.8 వోల్టుల మధ్య చూపిస్తుందో, అది చాలావరకు గ్రౌండ్. ఎందుకంటే ఎక్కువ ఐసీలు పి రకం సిలికాన్ పునాది మీద కడతారు. ఆ పునాది గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది, ప్రతి పిన్నుకీ పునాదికీ మధ్య, కరెంటుని ఒకే వైపు పోనిచ్చే డయోడ్ ఒకటి సహజంగానే ఏర్పడుతుంది. పీమాస్ అనే పాత తయారీ రకం ఐసీల్లో, సీమాస్ రకానికి చెందిన 4000 శ్రేణిలో పునాది ఎన్ రకం. అక్కడ నల్ల ప్రోబ్ కదలకుండా ఉన్నప్పుడు ఇదే జరుగుతుంది, అది పాజిటివ్ సరఫరా పిన్ను అవుతుంది. వచ్చిన రీడింగులన్నీ కాగితం మీద రాసుకోండి. డై ఫొటో చదివేటప్పుడు ఈ కాగితం అక్కరకొస్తుంది.

విప్పడం

ముందుగా ఒక హెచ్చరిక. రేడియో ట్రాన్స్‌మిటర్ల పవర్ ట్రాన్సిస్టర్లలో తెల్లటి సిరామిక్ ముక్క ఉంటుంది. అది బెరీలియం ఆక్సైడ్ కావచ్చు. దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే జీవితాంతం వదలని జబ్బు వస్తుంది. అలాంటివాటిని కోయకండి, రుద్దకండి, పగలగొట్టకండి. పక్కన పెట్టేయండి. మిగతా ఏ ఐసీకైనా కళ్ళని కాపాడే సేఫ్టీ గాగుల్స్ తప్పనిసరి.

బంగారు మూత ఉన్న సిరామిక్: ఆ మూతని చాలాసార్లు బంగారం, తగరం కలిసిన సోల్డర్‌తో అతికిస్తారు. అది 280 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మొబైల్ రిపేరు వాళ్ళ దగ్గరుండే హాట్ ఎయిర్ మెషీన్ చాలు. ఐసీని క్లిప్పుతో బిగించి, గాలిని 350 దగ్గర పెట్టి మూత మీదే తిప్పండి. సన్నటి బ్లేడు మూలని ఒక మూల కిందకి జొనిపితే మూత జారి వస్తుంది. గట్టిగా గుచ్చితే బ్లేడు లోపలికి దూసుకుపోయి డై మీద గీత పడుతుంది, కాబట్టి బలం కాదు, వేడి వాడండి. ఎంత వేడి చేసినా కదలకపోతే అది వెల్డింగ్ చేసిన మూత. అప్పుడు అంచుని సన్నటి ఆకురాయితో అరగదీయాల్సిందే.

లోహపు డబ్బా: 741 అనే పాత ఆంప్లిఫయర్ లాంటి ఐసీలు ఇలాంటి గుండ్రటి డబ్బాల్లో వచ్చేవి. అడుగున అంచు ఉంటుంది చూడండి, దానికి కాస్త పైన చుట్టూ ఆకురాయితో రుద్దుకుంటూ రండి. డబ్బాని తలకిందులుగా, కాళ్ళు పైకి ఉండేలా పట్టుకుని రుద్దాలి. గోడ తెగేటప్పుడు రాలే లోహపు పొడి డై మీద కాకుండా మూతలోకి పడుతుంది. హాక్సాతో ఒకేసారి కోసేద్దామనిపిస్తుంది, కానీ ఆ అదురుకి లోపలి తీగలు తెగిపోతాయి.

బూడిద రంగు సిరామిక్: ఇవి రెండు పలకల్ని మధ్యలో గాజుతో అతికించినవి. పక్కనుంచి చూస్తే ఆ గాజు గీత కనబడుతుంది. కింది పలకని వైస్‌లో పట్టించి, పొడవు వైపు ఆ గీత మీద పదునైన ఉలి పెట్టి చిన్న సుత్తితో తేలిగ్గా తట్టండి. ఒక్కసారి కొట్టి వదిలేయకుండా గీత పొడవునా జరుపుతూ తట్టాలి. పై పలక ఊడొస్తుంది. కొన్ని తీగలు తెగుతాయి, డై మాత్రం కింది పలకలోనే ఉంటుంది. ఆ గాజులో సీసం ఉండవచ్చు, కాబట్టి కింద పాత పేపరు పరచి, పని అయ్యాక ముక్కలతో సహా మడిచి పడేసి చేతులు కడుక్కోండి.

ప్లాస్టిక్: ఇక్కడే యాసిడ్ మాట వస్తుంది. ల్యాబుల్లో ఫ్యూమింగ్ నైట్రిక్ యాసిడ్ గానీ, వేడి సల్ఫ్యూరిక్ యాసిడ్ గానీ వాడి ప్లాస్టిక్‌ని కరిగిస్తారు. ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లని బయటికి లాగేసే ఏర్పాటు) ఉన్న ల్యాబ్‌లో, ఆ పని తెలిసినవాళ్ళు చేయాల్సిన పని అది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో చేసేది కాదు. పైగా 2013లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత యాసిడ్ల చిల్లర అమ్మకానికి గుర్తింపు కార్డు, రిజిస్టరు లాంటి నిబంధనలు వచ్చాయి. పొరలు ఒక్కొక్కటే తీయడానికి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడతారని కూడా చదివే ఉంటారు. దాని జోలికే పోకండి. చర్మం మీద పడ్డప్పుడు నొప్పి వెంటనే తెలియకపోవచ్చు, లోపలికి దిగి శరీరంలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది, ప్రాణం మీదికి వస్తుంది.

ఇంటి స్థాయిలో మిగిలే దారి రోజిన్. సోల్డరింగ్ సామాన్ల కొట్లో పసుపుపచ్చ గడ్డలుగా దొరుకుతుంది. 300 డిగ్రీలు దాటి మరిగే రోజిన్ ఈ ఐసీల ఎపాక్సీ ప్లాస్టిక్‌ని మెల్లగా కొరికేస్తుంది, డై మీది అల్యూమినియం గీతల్ని ముట్టుకోదు. ముందు ఐసీ కాళ్ళు కత్తిరించి, పైనా కిందా ప్లాస్టిక్‌ని ఆకురాయితో వీలైనంత పల్చన చేయండి. వేడిని తట్టుకునే గాజు టెస్ట్‌ట్యూబులో ఐసీ వేసి, మునిగేంత రోజిన్ పొడి పోయండి. ఇసుక నింపిన గిన్నెలో ట్యూబుని నిలబెట్టి, గిన్నెని కరెంటు హాట్ ప్లేట్ మీద పెట్టండి. గ్యాస్ స్టవ్ వద్దు, రోజిన్ ఆవిరి మంట అందుకుంటుంది. ఆ పొగ ఊపిరితిత్తులకి చెరుపు చేస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్ళు ఈ పనికి దూరంగా ఉండాలి. మిగతావాళ్ళయినా డాబా మీద, పొగ మీ మీదికి రాకుండా గాలి ఎటు నుంచి వీస్తోందో ఆ వైపు నిలబడి, ఆర్గానిక్ ఆవిర్లకి పనికొచ్చే మాస్కుతో చేయాలి. గుడ్డ మాస్కు ఇక్కడ ఏ పనికీ రాదు.

రోజిన్ నల్లబడ్డాక హాట్ ప్లేట్ ఆపేసి పూర్తిగా చల్లారి గట్టిపడేదాకా ఆగండి. తర్వాతే ఎసిటోన్ పోసి కరిగించండి. ఎసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది, దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. వేడి ట్యూబులో పోస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఒక్క విడతలో అంతా ఊడకపోవచ్చు. కొత్త రోజిన్‌తో మళ్ళీ మొదలుపెట్టడమే. పెద్ద ఐసీకి గంటలు పడుతుంది. ఓపిక లేనివాళ్ళు టార్చ్ మంటలో పెట్టి కాల్చేస్తారు. ప్లాస్టిక్‌లో మంటలు రాకుండా కలిపిన రసాయనాలు విషపు పొగగా వస్తాయి, డై పగుళ్ళిస్తుంది. అందుకే ఆ పద్ధతి నేను చెప్పను.

చేతికొచ్చిన డైని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఆడించి, గాలి బల్బుతో ఊది ఆరబెట్టండి. తీగలు ఇంకా అంటుకుని ఉంటే దూది దగ్గరికి రానివ్వకండి. ఆ బంగారు తీగ మందం సుమారు 25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మన వెంట్రుక కంటే సన్నం.

చూడడం

బయాలజీ ల్యాబుల్లో ఉండే మైక్రోస్కోప్ ఇక్కడ పనికిరాదు. అందులో వెలుతురు కింది నుంచి వస్తుంది, డై అడ్డుపడి నల్లటి చతురస్రం మాత్రమే కనబడుతుంది. కావాల్సింది లెన్సులోంచే వెలుతురు కిందికి పంపే మెటలర్జికల్ మైక్రోస్కోప్. లోహాల లోపలి సూక్ష్మ రేణువులు (గ్రెయిన్లు) చూడడానికి వాడేది ఇదే, కాబట్టి మెటలర్జీ ల్యాబ్ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లో ఉంటుంది. తెలిసిన లెక్చరర్ ఎవరైనా ఉంటే సెలవు రోజున ఓ గంట అడగండి, సార్లు సాధారణంగా కాదనరు. డై చూపిస్తే వాళ్ళే పక్కన కూర్చుంటారు. కొనాలనుకుంటే అంబాలాలో తయారయ్యేవి కొత్తవి దొరుకుతాయి.

లెన్సు కొనేటప్పుడు ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందన్నది ఒక్కటే చూడకండి. పక్కనే చెక్కి ఉండే న్యూమరికల్ అపర్చర్, అంటే ఎంత సన్నటి వివరాన్ని విడదీసి చూపగలదో చెప్పే అంకె, ముఖ్యం. 10 రెట్ల లెన్సుకి అది 0.25 ఉంటే పచ్చ వెలుతురులో సుమారు 1.3 మైక్రాన్ల దూరంలో ఉన్న రెండు గీతలు విడివిడిగా కనబడతాయి. 20 రెట్లకి 0.40 ఉంటే అది సుమారు 0.84 మైక్రాన్లకి దిగుతుంది. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 ప్రాసెసర్‌లో గీతలు 10 మైక్రాన్ల స్థాయివి, 1978 నాటి 8086లో 3 మైక్రాన్ల స్థాయివి. పాత ఐసీలకి 20 రెట్ల లెన్సు ధారాళంగా సరిపోతుంది. 50 రెట్ల మామూలు లెన్సు కొనకండి, అది డైకి మిల్లీమీటరు కంటే దగ్గరికి రావాలి. సిరామిక్ గుంతలో కూర్చున్న డై దాకా అది దిగదు. ఈప్రామ్ కిటికీ మీద కూడా అంతే.

చేతిలో మామూలు యూఎస్‌బీ మైక్రోస్కోప్ మాత్రమే ఉంటే దాని చుట్టూ ఉన్న ఎల్ఈడీలు ఆర్పేయండి. డై అద్దంలాంటిది, పక్కనుంచి పడ్డ వెలుతురుని పక్కకే పంపేస్తుంది, అందుకే లోహపు గీతలు నల్లగా కనబడతాయి. స్లైడ్ల మీద వేసే పల్చటి కవర్‌స్లిప్ ఒకటి తీసుకుని, లెన్సుకీ డైకీ మధ్య 45 డిగ్రీల వాలులో నిలబెట్టండి. పక్కనుంచి ఒక ఎల్ఈడీని ఆ గాజు మీద పడేలా పెట్టండి. గాజు కొంత వెలుతురుని నేరుగా కిందికి మళ్ళిస్తుంది, డై దాన్ని పైకి పంపుతుంది. కవర్‌స్లిప్ కోణాన్ని కొద్దికొద్దిగా మారుస్తుంటే ఒకచోట డై మొత్తం ఒక్కసారిగా రంగుల్లోకి వస్తుంది.

ఆ రంగులు సిలికాన్ ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి వచ్చేవి, నీటి మీద నూనె పొరకి వచ్చేవి ఎలాగో అలాగే. ఫలానా రంగు అంటే ఫలానా భాగం అని ఎక్కడా రాసిపెట్టి లేదు. ఒకే డైలో మాత్రం ఒకే రంగు ఒకే రకం పొరని సూచిస్తుంది.

ఫొటోల పని సులువు. డైని మైనం మీద నొక్కి సమతలంగా పెట్టండి, నాలుగు మూలలూ ఒకేసారి ఫోకస్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. కెమెరా ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు. ఒక్కో ఫొటో పక్కదానితో పాతిక శాతం కలిసేలా వరసలుగా తీసుకుంటూ పోయి, ఉచితంగా దొరికే హ్యూగిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో అతికించండి. అదే లెన్సుతో మైక్రోమీటర్ స్లైడ్‌ని (సన్నటి కొలత గీతలున్న గాజు పలక) కూడా ఒక ఫొటో తీయండి, మైక్రాన్‌కి ఎన్ని పిక్సెళ్ళో లెక్క తేలుతుంది.

చదవడం

ముందు అంచుల్లో ఉన్న చతురస్రాలు లెక్కపెట్టండి. అవే ప్యాడ్లు. కాళ్ళ కంటే ప్యాడ్లు ఎక్కువ ఉంటే, తీగ అంటని మిగులు ప్యాడ్లు ఫ్యాక్టరీ పరీక్షకో, అదే డైని ఇంకో రూపంలో అమ్మడానికో పెట్టినవి. తీగలు మిగిలి ఉంటే ఒకటో పిన్ను నుంచి వరసగా ఏ ప్యాడ్ ఏ కాలుకి వెళ్తోందో ఫొటో మీదే నంబర్లు వేయండి.

తర్వాత అన్నిటికంటే వెడల్పైన లోహపు గీతలు వెతకండి. డై అంతటా తిరుగుతూ కొమ్మలేసే గీతలు రెండు ఉంటాయి. ఒకటి గ్రౌండ్, ఒకటి పాజిటివ్ సరఫరా. మల్టీమీటర్ కాగితంతో పోల్చండి. రెండూ ఒకే మాట చెబితే మీ నంబర్లు సరిగ్గా ఉన్నట్టే. చెప్పకపోతే ఫొటో తిరగబడి ఉంటుంది, లేదా ఒకటో పిన్ను తప్పు గుర్తించి ఉంటారు.

ఇప్పుడు ఒక్కో ప్యాడ్ పక్కన ఏముందో చూడండి. మెలికలు తిరిగిన సన్నటి రెసిస్టరూ దాని పక్కన చిన్న డయోడూ ఉంటే అది ఇన్‌పుట్, బయటి స్టాటిక్ నుంచి కాపాడే ఏర్పాటు అది. ప్యాడ్‌ని ఆనుకుని, వేళ్ళలో వేళ్ళు దూర్చినట్టున్న పెద్ద ట్రాన్సిస్టర్ ఉంటే అవుట్‌పుట్. ఒక్క అక్షరం చదవకుండానే ఇన్‌పుట్లు ఎన్ని, అవుట్‌పుట్లు ఎన్ని, సరఫరా ఎక్కడ అన్నది చేతికొచ్చింది. పాత డేటాషీట్లలో వెతకడానికి ఈ మూడూ చాలు.

ఒక ఉదాహరణ చూద్దాం. 14 కాళ్ళ ఐసీ, పైన ఎల్ఎం324 అని రాత. విప్పితే ఒకే బొమ్మ నాలుగుసార్లు, కొన్ని అద్దంలో తిప్పినట్టు. నాలుగు ఆంప్లిఫయర్ల ఐసీ కాబట్టి సరిగ్గానే ఉందనిపిస్తుంది. కానీ ఎల్ఎం324లో పాజిటివ్ సరఫరా 4వ కాలు, గ్రౌండ్ 11. ఈ డైలో వెడల్పాటి గీతలు 3కీ 12కీ పోతున్నాయి. ఇంకో తేడా కూడా ఉంది. ఎల్ఎం324 లాంటి ఆప్ ఆంప్ (ఆపరేషనల్ ఆంప్లిఫయర్) ఐసీలో ప్రతి ఆంప్లిఫయర్ పక్కనా ఏ బొమ్మా లేని చదునైన పలక ఒకటి కనబడాలి, అది ఊగిసలాట రాకుండా పెట్టే కెపాసిటర్. ఇందులో అలాంటి పలకలే లేవు. 3, 12 సరఫరా, నాలుగు యూనిట్లు, కెపాసిటర్లు లేవు అంటే ఇది కంపారేటర్ (రెండు వోల్టేజీల్లో ఏది ఎక్కువో చెప్పే ఐసీ), ఎల్ఎం339 తరహాది. రాత మార్చి అమ్మారు. పేరు కోసం వెతుకుతూ కూర్చుంటే ఇది దొరికేది కాదు, ఎందుకంటే ఇలాంటి చిన్న డైల మీద చాలాసార్లు పార్ట్ నంబరే ఉండదు.

ట్రాన్సిస్టర్ల ఆకారం బట్టి ఐసీ ఏ జాతిదో తెలుస్తుంది. పెద్ద దీర్ఘచతురస్రంలో చిన్నది, అందులో ఇంకా చిన్నది ఉంటే బైపోలార్ జాతిలో ఎన్‌పీఎన్ రకం ట్రాన్సిస్టర్. గుండ్రటి చుక్క, దాని చుట్టూ ఉంగరం ఉంటే అదే జాతిలో పీఎన్‌పీ రకం. ఎన్‌మాస్ అనే ఇంకో జాతిలో అయితే డిఫ్యూజన్ పట్టీని (సిలికాన్‌లోనే కరెంటు పారే దారి) దాని పైపొరలోని పాలీసిలికాన్ గీత ఎక్కడ అడ్డంగా దాటితే అక్కడ ఒక ట్రాన్సిస్టర్, అంతే. గళ్ళచీరలా ఒకే అల్లిక పెద్ద మేర పరుచుకుని ఉంటే మెమరీ. అల్లికలో అక్కడక్కడా చుక్కలు ఉండీ లేకుండా ఉంటే అది రోమ్ (మార్చడానికి వీల్లేని మెమరీ) కావచ్చు. అలాంటప్పుడు కొన్ని పాత రకాల్లో లోపలి బిట్లు కంటితోనే చదవొచ్చు. మన కాలింగ్ బెల్లుల్లో పాట పాడే మూడు కాళ్ళ యూఎం66 గుర్తుందా? దాంట్లో 64 స్వరాలు పట్టే రోమ్ ఉంటుంది. రోజిన్ పద్ధతి నేర్చుకోవడానికి అంతకంటే చవకైన ఐసీ దొరకదు.

అతి సన్నటి గీత వెడల్పు కొలవండి, కాలం తెలుస్తుంది. 8 నుంచి 10 మైక్రాన్లు ఉంటే 1970ల మొదటి సగపు డిజైన్. 3 దగ్గర ఉంటే 1980కి అటూ ఇటూ. అనలాగ్ ఐసీలకి ఈ లెక్క వర్తించదు, వాటిలో దశాబ్దాల పాటు పెద్ద గీతలే వాడారు.

ఇక అక్షరాలు. మూలల్లో, ప్యాడ్ల మధ్య ఖాళీల్లో వెతకండి. కంపెనీ గుర్తు, డై నంబరు, డిజైనర్ల పొడి అక్షరాలు ఉండవచ్చు. వరసగా చిన్న అక్షరాలూ అంకెలూ ఒక్కోటి ఒక్కో పొరలో ఉంటే అవి మాస్కుల (డై మీద ఒక్కో పొరని అచ్చు వేసే మూసల) వెర్షన్లు. సున్నాలో ఎం అక్షరం కనబడితే డిజైన్ చాలావరకు 1984ది గానీ ఆ తర్వాతది గానీ, అమెరికా ఆ ఏడాది చిప్ డిజైన్ల రక్షణకి చట్టం చేశాక వచ్చిన గుర్తు అది. పక్కనున్న సంవత్సరం డిజైన్‌ది, తయారీది కాదు. డై మీద 1986 అనీ, పెంకు మీద 9112 అనీ ఉంటే రెండూ నిజమే కావచ్చు. మన దగ్గర ఇలాంటి చట్టం 2000లో వచ్చింది. శాస్త్రీయ పరిశీలనకీ, పరిశోధనకీ, బోధనకీ అది అడ్డు చెప్పదు.

తేల్చుకోవడం

పాత డేటాబుక్కుల్లో కొన్ని కంపెనీలు డై కొలతలూ ప్యాడ్ల పటమూ అచ్చు వేసేవి. ఆర్‌సీఏ వాళ్ళ 4000 శ్రేణి సీమాస్ పుస్తకాలు అలాంటివే, స్కాన్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. మీ ఫొటోని ఆ పటం మీద పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. అక్కడ లేకపోతే ఔత్సాహికులు పెట్టిన డై ఫొటోలతో పోల్చండి. ఒకే ఐసీని వేర్వేరు కంపెనీలు వేర్వేరు డైలతో చేసేవని మాత్రం మరచిపోకండి. 7400 ఎవరు చేసినా పని ఒకటే, బొమ్మ ఒకటి కాదు.

నకిలీ ఎంత దూరం వెళ్తుందో 2014లో బయటపడింది. యూఎస్‌బీ సీరియల్ కేబుళ్ళలో వాడే ఎఫ్‌టీ232ఆర్‌ఎల్ నకిలీని విప్పితే, అసలు చిప్‌కి సంబంధం లేని వేరే డై, అసలు చిప్‌లా నటించేలా ప్రోగ్రాం పెట్టిన మైక్రోకంట్రోలర్ కనబడింది. ఐసీ పనిచేస్తోంది కాబట్టి అసలుదే అనుకోవడానికి లేదు.

డై చెప్పలేనివీ ఉన్నాయి. 741కీ 741సీకీ డై ఒకటే కావచ్చు, తయారయ్యాక పరీక్షించి వేరు చేస్తారు. 1991 నాటి ఇంటెల్ 486ఎస్ఎక్స్ మొదటి చిప్‌లలో గణిత విభాగం డై మీద ఉంది, పనిచేయకుండా ఆపేశారు. కాబట్టి ఉష్ణోగ్రత గ్రేడ్, వేగం గ్రేడ్ లాంటివి ఫొటో చూసి చెప్పే సాహసం చేయకండి.

డైని గాజు స్లైడ్ మీద రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించి, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెట్టండి. లెన్సులకీ అదే డబ్బా, లేకపోతే వానాకాలంలో ఫంగస్ పడుతుంది. ఏమిటో తేలని డైకి ఊహించి పేరు పెట్టకండి. "బైపోలార్, నాలుగు కంపారేటర్లు, గ్రౌండ్ 12, తయారీదారు తెలియదు" అని రాస్తే చాలు. లేబుల్‌లో అన్నిటికంటే ముందు డై పొడవు, వెడల్పు, ప్యాడ్ల సంఖ్య రాయండి. రేపు ఇంకో బోర్డులో అదే డై తగిలితే ఈ మూడింటితోనే వెతుక్కోవాలి, పేరుతో వెతకడానికి పేరే లేదు కదా.